కాలేయదాన చరిత్రము

మాంసపు టంగడిలో కార్జమనియు, వైద్యుని గదిలో లివరనియు, ఆయుర్వేద గ్రంథములలో యకృత్తనియు పిలువబడు నవయవ మొక్కటే. పేరులిన్ని యున్నను అది మన దేహములో చేయు పనిని గూర్చి మన యిండ్లలో ఆలోచించువారరుదు. కన్నులు పచ్చబడినప్పుడు మాత్రము అది జ్ఞప్తికి వచ్చును. అప్పుడును కాలేయ మనక పచ్చకామెర్లందుము. పసరు పోయువారి యూరు వెదకుకొని పోవుదుము. కామెర్లు స్వయముగా నొక రోగము కాదు, లోపలి రోగమునకు గుఱుతు మాత్రమే. పెక్కు కామెర్లు తమంతట తామే నయమగును గావున పసరునకు కీర్తి దక్కుచున్నది; నయము కానివారికి కాలహరణము దక్కుచున్నది.

పెద్దవారి దేహములో కాలేయము కిలోన్నర వఱకు తూగును. ప్రేగులనుండి వచ్చు రక్తము ముందుగా దాని గుండ పోవలెను. అది పిత్తమును పుట్టించును, చక్కెరను దాచి అవసరమైనప్పుడు విడుచును, విషములను విఱుచును, గాయమైనచో రక్తము గడ్డకట్టుటకు వలసిన ద్రవ్యములను సిద్ధపఱచును. మూత్రపిండములు చెడినవానిని డయాలసిస్ యంత్రముతో ఏండ్లకొలది బ్రదికింపవచ్చును. కాలేయము చేయు పనులన్నియు చేయగల యంత్రము నేటికిని లేదు. అది పూర్తిగా చెడినప్పుడు మఱియొక కాలేయము తప్ప వేఱు గతి లేదు. ఆ మఱియొక కాలేయ మెక్కడనుండి రావలెను? ఎవ్వరీయవలెను? ఈ ప్రశ్నలో సగమునకే వైద్యశాస్త్రము బదులు చెప్పగలదు. తక్కిన సగమునకు సమాజము చెప్పవలెను. ఈ చరిత్రమును మేము చదువరుల ముందుంచుట కిదియే కారణము.

ఒకరి యవయవమును వేఱొకరికి అతుకుట చిరకాలము అసాధ్యమనియే తలపబడెను. రెండవ ప్రపంచ యుద్ధకాలమున ఇంగ్లండులో పీటర్ మెడావర్ అను శాస్త్రజ్ఞుడు కాలిన గాయములపై పరుల చర్మము నతికినపుడు అది ఏల నిలువదో పరిశోధించెను. రోగములనుండి మనలను కాపాడు శక్తియే పరుల చర్మమును గూడ శత్రువని యెంచి త్రోసివేయుచున్నదని ఆయన పరిశోధనములు తేల్చెను. కాపలాకుక్క దొంగను జూచి మొఱిగినట్లే, మేలుచేయ వచ్చిన చుట్టమును జూచియు మొఱుగును గదా. 1954 డిసెంబరులో బోస్టను నగరమున జోసెఫ్ మర్రే ఒక కవలసోదరుని మూత్రపిండమును రెండవవానికి అమర్చి జయమందెను. రూపమున నొక్కటిగా నుండు కవలలు గావున ఆ కుక్క మొఱుగలేదు. కాని లోకమున నెందఱికి అట్టి కవలలుందురు?

మూత్రపిండముకంటె కాలేయము నూఱింతలు కష్టమైన పని. దానికి రక్తము తెచ్చు నాళములు రెండు, కొనిపోవు పెద్ద నాళము వేఱు, పిత్తనాళము వేఱు. ఇవియన్నియు కోసి, మరల సరిగా కుట్టవలెను. అంతకంటె పెద్ద చిక్కు మఱియొకటి కలదు. రక్తము గడ్డకట్టించునది కాలేయము. మార్పిడి కావలసినవాని కాలేయము చెడియేయున్నది. కావున నెవ్వనికి ఈ శస్త్రచికిత్స అవసరమో వానికే రక్తస్రావ భయ మధికము.

ఈ పనికి పూనుకొన్నవారిలో ముఖ్యుడు థామస్ స్టార్జల్. ఆయన 1926లో అమెరికాలోని అయోవా రాష్ట్రమున లె మార్స్ అను చిన్నపట్టణములో జన్మించెను. తండ్రి పత్రికాసంపాదకుడు, తల్లి నర్సు. 1958 ప్రాంతమున శునకములపై కాలేయపు మార్పిడి నభ్యసింప మొదలిడి, పిదప డెన్వరు నగరమునకు వచ్చెను. అచ్చట 1963 మార్చి 1వ తేదీన మనుష్యునియందు మొట్టమొదటి ప్రయత్నము జరిగెను. రోగి మూడేండ్ల బాలుడు. కాలేయమునుండి పిత్తమును కొనిపోవు నాళములు లేక పుట్టిన బిడ్డ. రక్తస్రావము నాపుట వైద్యుల తరము కాలేదు. బాలుడు శస్త్రచికిత్స బల్లమీదనే మరణించెను.

అదే యేట మే నెలలో రెండవ రోగికి చికిత్స చేసిరి. మొదటి యనుభవముచేత భయపడి రక్తము గడ్డకట్టించు ద్రవ్యము లిచ్చిరి. స్రావము నిలిచెను. కాని రక్తమును దారి మళ్లించుటకై పెట్టిన గొట్టములలో గడ్డలేర్పడి ఊపిరితిత్తులకు చేరెను. రోగి 22 దినములకు మరణించెను. శునకములయందు ప్రాణాధారమై కనబడిన యుపాయమే మనుష్యులయందు హాని చేసెను. ఆ సంవత్సరమున డెన్వరులో ఐదుగురికిని, బోస్టనులో ఒకరికిని, మఱుసటి యేటి మొదట పారిసులో ఒకరికిని కాలేయము మార్పబడెను. ఏడుగురిలో ఒక్కరైనను నెల దాటలేదు.

ఇక్కడ చదువరులు కొంచెము నిలువవలెనని మా ప్రార్థన. ఇట్టి చరిత్రములు వ్రాయువారు ఓటములను రెండు వాక్యములలో దాటించి జయమును పది పుటలలో వర్ణింతురు. ఏడుగురి మరణములు జయమునకు మెట్లని చెప్పుట సులభము. ఆ మూడేండ్ల బాలుని కన్నవారు శాస్త్రాభివృద్ధిని కోరి బిడ్డను బల్లమీద పరుండబెట్టలేదు. వాడు బ్రదుకునేమో యని పరుండబెట్టిరి. ఈ వ్యత్యాసమును మఱచిన శాస్త్రము క్రూరమగును. స్టార్జలును ఆయన తోడివారును దానిని మఱువలేదని చెప్పుటకు రెండు కారణములు కలవు. మొదటిది, తమ మొదటి ముగ్గురు రోగుల కథను 1963 డిసెంబరులోనే వైద్యపత్రికలో ప్రకటించిరి. రెండవది, ఆ పని నాపివేసిరి. తమ చేతికి పని వచ్చియు, రోగులు వాకిట వేచియున్నను, తమకు తెలియనిది మిక్కిలిగా నున్నదని యొప్పుకొని మూడేండ్లకు పైగా మనుష్యులయందు కాలేయమును మార్పక యుండిరి. కత్తి పట్టుటకంటె పట్టిన కత్తిని దించుటకే ఎక్కువ ధైర్యము కావలెనని మాకు తోచుచున్నది.

ఆ మూడేండ్లును వ్యర్థము కాలేదు. మూత్రపిండముల మార్పిడిలో అజథయోప్రిన్, ప్రెడ్నిసోన్ అను మందులను కలిపి వాడి దేహపు నిరాకరణ నణచుట నేర్చిరి. గుఱ్ఱముల రక్తమునుండి తీసిన వేఱొక మందును వానికి జోడించిరి. కాలేయము మార్చిన శునకములు ఏండ్లకొలది జీవింపసాగెను. అప్పుడు 1967 జూలైలో కాలేయపు క్యాన్సరుగల 19 నెలల పసిపాపకు డెన్వరులో మరల ప్రయత్నించిరి. ఆ పాప 13 నెలలు జీవించెను. పిదప మరణించినది కొత్త కాలేయము చెడి కాదు. పాత క్యాన్సరు తిరుగబెట్టి. 1968లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో రాయ్ కాన్ కూడ ఈ చికిత్స నారంభించెను. 1970లో డెన్వరున మూడేండ్ల ప్రాయమున కాలేయము మార్పబడిన ఒక బాలిక నలువది యేండ్లకు పైగా జీవించినది. అట్టివారు కొందఱే. ఆ దశకమున కాలేయము మార్పించుకొన్నవారిలో ఏడాది దాటినవారు మూడింట నొకపాలు మాత్రమే. ఈ యిరువురు వైద్యులును తక్కువ ఫలముతోనే పెక్కేండ్లు ఈ పనిని విడువక పట్టుకొనియుండిరి.

ఇంతలో సమాజము తీర్పవలసిన చిక్కొకటి ముందునకు వచ్చెను. మరణ మనగా నేమి? గుండె యాగినప్పుడే మరణమని పూర్వపు నమ్మకము. గుండె యాగిన పిదప తీసిన కాలేయము రక్తము లేక కొద్ది నిమిషములలోనే చెడ మొదలిడును. శ్వాసయంత్రములు వచ్చిన తరువాత కొందఱి మెదడు పూర్తిగా నశించియు, యంత్రబలముచేత గుండె కొట్టుకొనుట వైద్యులు చూచుచుండిరి. 1968లో హార్వర్డు విశ్వవిద్యాలయము నియమించిన సంఘము మెదడు మరలి రానట్లు నశించుట మరణమే యని నిర్ణయించి దాని లక్షణములను ప్రకటించెను. క్రమముగా పెక్కు దేశములు దాని నంగీకరించెను. అందుచేత గుండె కొట్టుకొనుచుండగనే, అనగా అవయవములు చెడకమునుపే, దానము స్వీకరించుటకు వీలు కలిగెను. ఈ మార్పు కత్తితో వచ్చినది కాదు. మనుష్యులు కూర్చుండి, వాదించి, తమ నమ్మకమును సరిదిద్దుకొనుటచేత వచ్చినది.

తరువాతి మేలు మట్టిలోనుండి వచ్చెను. నార్వే దేశపు మట్టిలో దొరకిన ఒక బూజునుండి స్విట్జర్లాండులోని సాండోజ్ కంపెనీవారు సైక్లోస్పోరిన్ అను ద్రవ్యమును తీసిరి. 1972లో దాని నిరోధకగుణము కనుగొనబడెను. 1978లో కాన్ దానిని మనుష్యులయందు మొదటిసారి వాడెను. 1980లో స్టార్జల్ దానికి ప్రెడ్నిసోన్ జోడించి కాలేయరోగులకిచ్చెను. అంతవఱకు మూడింట నొకపాలుగా నున్న సంఖ్య, అనగా ఏడాది దాటువారి సంఖ్య, 100కి 70ని మించెను. 1983లో అమెరికా జాతీయ ఆరోగ్యసంస్థ సమావేశపఱచిన నిపుణులు ఇది ఇక ప్రయోగము కాదనియు, విరివిగా వాడదగిన చికిత్స యనియు తీర్మానించిరి. మొదటి బాలుడు మరణించి అప్పటికి ఇరువది యేండ్లు. 1984లో జపానులోని త్సుకుబా మట్టిలో దొరకిన సూక్ష్మజీవినుండి టాక్రోలిమస్ అను మఱింత బలమైన మందు వచ్చెను. 1989నుండి పిట్సుబర్గులో స్టార్జల్ దానిని వాడెను. అదే దశకమున విస్కాన్సిన్ విశ్వవిద్యాలయములో బెల్జర్, సదర్డ్ అనువారు కల్పించిన ద్రావణము, తీసిన కాలేయమును కొద్ది గంటలు కాక దాదాపు ఒక దినము చల్లగా నిలువయుంచుటకు తోడ్పడెను. అర్ధరాత్రి పరుగులు తగ్గెను. దూరపు నగరమునుండి గూడ కాలేయమును తెచ్చుటకు వీలు చిక్కెను.

చికిత్స ఫలించినకొలది దానికొఱకు వేచువారు పెరిగిరి, ఇచ్చువారు పెరుగలేదు. పిల్లలకు తగిన చిన్న కాలేయములు మఱియు నరుదు. అప్పుడు వైద్యుల దృష్టి కాలేయమునకే గల ఒక వింత గుణముపై పడెను. కొంతభాగము కోసివేసినను, మిగిలినది కొద్ది నెలలలో దాదాపు పూర్వపు పరిమాణమునకు పెరుగును. కావున బ్రదికియున్నవారు తమ కాలేయములో కొంతభాగము నీయవచ్చును. 1989 జూలైలో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేనులో రస్సెల్ స్ట్రాంగ్ ఒక జపాను తల్లి కాలేయములో కొంతభాగమును ఆమె బిడ్డకు అమర్చెను. తల్లియు బిడ్డయు బ్రదికిరి. సజీవదానము ఫలించుట అదియే మొదలు.

ఆ తల్లి జపానునుండి అంతదూర మేల పోవలసివచ్చెను? 1968లో సప్పోరో నగరమున జరిగిన తొలి గుండెమార్పిడి విషయమై ఆ దేశమున గొప్ప యనుమానములు చెలరేగెను. వైద్యునిపై విచారణ గూడ జరిగెను. దాని ఫలముగా మెదడు మరణమును దానము నిమిత్త మంగీకరించు శాసనము అక్కడ 1997 వఱకు రాలేదు. చనిపోయినవారినుండి తీసికొనుటకు ప్రజలు సమ్మతింపలేదు గావున, ఆ భారము బ్రదికియున్న తల్లిదండ్రులపై పడెను. జపాను వైద్యులు సజీవదానమున ఆరితేరిరి. పిదప క్యోటో, హాంకాంగు నగరముల వైద్యులు పెద్దవారికి సరిపోవునట్లు కాలేయములో పెద్దదగు కుడిభాగమును తీసి యమర్చుట నేర్పిరి. ఇది గొప్ప నేర్పే. కాని అది ఒక లోటును పూడ్చుటకు పుట్టిన నేర్పని మఱువరాదు.

మన దేశపు కథయు దీనికి చాల దగ్గఱ. 1994లో మన పార్లమెంటు మానవావయవముల మార్పిడి శాసనమును చేసెను. అవయవముల వర్తకము నేరమయ్యెను. మెదడు మరణమునకు గుర్తింపు కలిగెను. నలుగురు వైద్యుల మండలి ఆరుగంటలకు తక్కువ కాని వ్యవధితో రెండుమార్లు పరీక్షించి నిర్ధారింపవలెను. ఆ పిదప కుటుంబమువారు సమ్మతింపవలెను. 1998లో ఢిల్లీలో రెండేండ్లు నిండని బాలునకు తండ్రి కాలేయభాగమును అమర్చిరి. మన దేశమున ఫలించిన తొలి మార్పిడులలో నదియొకటి. ఆ బాలుడు పెరిగి వైద్యుడయ్యెను. ఆంధ్రప్రదేశము ఉమ్మడిగా నుండగానే జీవన్‌దాన్ అను పథక మేర్పడెను. 2014లో రాష్ట్రము రెండైన పిదప రెండుచోట్లను అది ఆ పేరుతోనే నడచుచున్నది. మరణానంతర దానమున ఇటీవలి యేండ్లలో తెలంగాణము దేశమున ముందువరుసలో నున్నది. ఇది సంతోషింపదగినదే. అయినను దేశమునంతను చూచినచో, ఏటేట మరణానంతరము దానము చేయువారు పదిలక్షలమంది ప్రజలకు ఒక్కరైనను లేరు. ఏటికి నాలుగువేలకు పైగా కాలేయములు మార్పబడుచుండగా వానిలో అత్యధికభాగము బ్రదికియున్నవా రిచ్చినవే.

ఆ బ్రదికియున్నవా రెవ్వరు? 2019 మొదలు 2023 వఱకు ఐదేండ్లలో మన దేశమున సజీవులు చేసిన యవయవదానములు 56 వేలకు పైగా నున్నవి. వానిలో 36 వేలు స్త్రీలవి. అనగా 100కి 63కు పైగా. అవయవములు పొందినవారిలోనో, స్త్రీలు 100కి 30 మంది మాత్రమే. ఇందులో మూత్రపిండములు, కాలేయములు రెండును చేరియున్నవి. మద్యముచేత కాలేయమును చెడగొట్టుకొనువారిలో పురుషు లెక్కువగుట కొంత కారణమని యొప్పుకొందము. ఆ కారణమైనను ఇల్లాలికి ఊరట కాదు. త్రాగినవా డొకడు, కోయించుకొన్న దొకతె.

స్త్రీలు ప్రేమచేత నిచ్చుచున్నారని కొంద ఱందురు. నిజమే, తల్లి ప్రేమను, భార్య ప్రేమను తక్కువ చేయుట మా యుద్దేశము కాదు. కాని ప్రేమతో నిచ్చుట వేఱు, కాదనలేక యిచ్చుట వేఱు. ఒక యింట పెనిమిటి కాలేయము చెడినదనుకొందము. అత్తమామలు, బావగారు, ఆడుబిడ్డలు కూర్చుండి ఆలోచింతురు. అన్నదమ్ములు సంపాదించువారు, వారికి సెలవు దొరకదు. కోడ లింటిపట్టున నుండునది. పైగా పసుపుకుంకుమలు ఆమెవి. ఎవ్వరును ఆమెను బలవంతపెట్టరు. అందఱును ఆమె వైపు చూతురు, అంతే. ఆ చూపునకు కాదని చెప్పగలిగిన కోడలు మన యిండ్లలో ఎందఱు? ఆమెయే రోగిష్టియైనచో అందఱి చూపులును అట్లే ఆమె మగనివైపు తిరుగునా?

సజీవదానము నిరపాయమని యెవ్వరైనను చెప్పినచో నమ్మరాదు. కుడిభాగము నిచ్చిన దాతలలో సుమారు రెండువందలు మొదలు ఐదువందలమందిలో ఒకరు మరణించుచున్నారని లోకానుభవము. తక్కువయే కావచ్చును. అయినను ఆ యొక్కరు ఆరోగ్యముతో ఆస్పత్రికి నడచివచ్చినవారు. పొందినవారి సంగతియు తెలిసికొనవలెను. నేడు మంచి వైద్యశాలలలో 100 మందిలో 90 మంది వఱకు ఏడాది దాటుచున్నారు. ఐదేండ్లు దాటువారు 75 మంది వఱకు నుందురు. 1963ను తలచుకొన్నచో ఇది యద్భుతమే. అయినను వారు బ్రదికినన్నాళ్లు మందులు మ్రింగవలెను. ఆ మందులవలన అంటురోగముల భయము, మూత్రపిండములు చెడు భయము వెంటనుండును. లక్షలకొలది వ్యయము. పొలమమ్మి చేయించుకొన్న కుటుంబమునకు మందుల ఖర్చు ఆ పిదపనే మొదలగును.

కావున మొదటి ధర్మము కాలేయమును చెడనీయకుండుట. హెపటైటిస్ బి నాపు టీకా బిడ్డ పుట్టిన యిరువదినాలుగు గంటలలో వేయింపవలసినది. ప్రభుత్వము ఉచితముగా నిచ్చుచున్నది. హెపటైటిస్ సి నేడు కొద్ది నెలల మాత్రలతో కుదురుచున్నది. మద్యము మాట చెప్పనక్కఱలేదు. మితిమీరిన క్రొవ్వును, మధుమేహమును గూడ కాలేయమునకు శత్రువులే. నెల దాటియు బిడ్డ కన్నులు పచ్చగానుండి, మలము సున్నమువలె తెల్లబడినచో, పసరువానికడకు గాక పిల్లల వైద్యునికడకు వెంటనే కొనిపోవలెను. డెన్వరు బాలునికి కలిగిన రోగము అదియే. తొలి రెండు నెలలలో కనుగొన్నచో పెక్కురకు ప్రేగుతో దారి కల్పించు శస్త్రచికిత్సతో ఆ గండమును దాటింపవచ్చును, లేదా ఏండ్లకొలది వాయిదా వేయవచ్చును.

రెండవ ధర్మము, ఇంటిలో దానము మాట వచ్చినప్పుడు దాతను ఒంటరిగా కూర్చుండబెట్టి అడుగుట. భార్యనుగాని, తల్లినిగాని, చెల్లెలినిగాని అందఱి యెదుట అడిగిన ప్రశ్న ప్రశ్న కాదు. ఆమె కాదన్నచో ఆ మాటను వైద్యుడు తనమీద వేసికొని, ఆమె కాలేయము సరిపడలేదని మాత్రము చెప్పి, ఆమెను కాపాడవలెను.

మూడవది, మరణానంతర దానము. గోదానము, భూదానము, అన్నదానము మనకు క్రొత్తవి కావు. చితిలో కాలిపోవు కాలేయ మొకరిని బ్రదికించుటయేకాక, ఎక్కడనో ఒక యింట ఒక కోడలి కడుపు కోతను గూడ తప్పించును. ఈ రెండవ ఫలమును గూర్చి చెప్పువారు లేరు. మేము ముఖ్యముగా చెప్పదలచినది అదియే. చందాపత్రముపై వ్రాలు చేసి పెట్టెలో దాచిన చాలదు. ఆ దినమున సమ్మతి యడుగబడువారు ఇంటివారే. దుఃఖములో మునిగియున్నవారిని ఆ ఘడియలో మొదటిసారి అడిగినచో ఏమి చెప్పగలరు? ఆరోగ్యముగా నున్ననాడే, రాత్రి భోజనముల వేళ, నలుగురును కూర్చున్నప్పుడు, నా విషయములో ఇట్లు చేయుడని చెప్పియుంచవలెను. అశుభమని పెద్దవారు కసరుకొందురు. కసరుకొననిండు. విన్నమాట వారికి జ్ఞాపకముండును.

స్టార్జల్ 2017లోను, కాన్ 2024లోను కాలధర్మము నొందిరి. వారు చేయగలిగినది చేసిరి. తెలియనప్పుడు ఆగిరి, తెలిసికొని మరల మొదలిడిరి. వారి వంతు తీరినది. మిగిలినది మన యిండ్లలో తేలవలసిన మాట.